పదిలో ఒక్కటైనా శ్యామ్ బెనెగల్‌ది ఉండాల్సింది

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ ఆదివారం పేజీలో వేసిన పది బెస్ట్ టీవీ ఎపిసోడ్ల లిస్టు చదివానండి. సగానికి పైగా యుద్ధాలే, మిగతావి డ్రాగన్లు, హత్యలు, ఆఖరి నిమిషం ట్విస్టులు. వాటి మీద నాకేం కోపం లేదు, మా ఇంట్లో పిల్లలు అవే చూస్తారు, వాళ్లతో పాటు కూర్చుని నేనూ చూస్తాను, బాగా తీశారని ఒప్పుకుంటాను కూడా. కానీ తెలుగు పేపర్లో తెలుగువాళ్ల కోసం వేసిన లిస్టులో మన దేశంలో టీవీ కోసం తీసింది ఒక్కటంటే ఒక్కటి లేదు చూడండి, అక్కడ నాకు మనసు ఒప్పలేదు. అదీ మన హైదరాబాద్‌లో పుట్టి పెరిగినాయన ఒక్కడే భారత్ ఏక్ ఖోజ్ అని 53 ఎపిసోడ్ల సీరియల్ తీసిపెట్టి వెళ్లాక.

శ్యామ్ బెనెగల్ గారి గురించే చెప్తున్నాను. 2024 డిసెంబర్ 23న ఆయన పోయినప్పుడు ఎక్కడ చూసినా అంకుర్, నిశాంత్, మంథన్, భూమిక అని సినిమాల పేర్లే. టీవీ సంగతి ఆఖరి పేరాలో ఒక లైను. నా పేచీ అక్కడే. సినిమాల లెక్కలో ఆయన్ని ఎంత పైన పెట్టినా నాకు సంతోషమే గానీ, ఆయన పనిలో మన ఇళ్లల్లోకి నేరుగా వచ్చి కూర్చున్నది టీవీ పనే. కాబట్టి ఆయన ఒక్కడి ఎపిసోడ్లకే ర్యాంకులు వేసి పంపిస్తున్నాను, వేస్తారో లేదో మీ ఇష్టం, కాకపోతే కత్తిరించకుండా వేస్తే బాగుంటుంది.

ఒక్క డైరెక్టర్‌వే ఎందుకంటే, పదిమంది తీసిన పది ఎపిసోడ్లు పక్కపక్కన పెడితే ఏది ఎవరి గొప్పో తేలదండి, ఒకడికి డబ్బు ఎక్కువ, ఇంకొకడికి స్టార్లు ఎక్కువ, ఇంకొకడికి రైటర్ మంచోడు దొరికాడు. అదే ఒక్కడి చేతి కింద వచ్చినవి తీసుకుంటే అవే వనరులు, దాదాపు అదే టీమ్, అయినా ఒకటి పైకి లేచింది ఇంకొకటి చతికిలబడింది అంటే ఆయన ఎక్కడ ఏ నిర్ణయం తీసుకున్నాడో స్పష్టంగా కనిపిస్తుంది. నేను పెట్టుకున్న కొలత కూడా ఒక్కటే, ఈ కథని ఆయన ఎవరి నోటితో చెప్పించాడు అని. రాజు నోటితోనా, పండితుడి నోటితోనా, ఊళ్లో పాటలు పాడుకునేవాళ్ల నోటితోనా. ఎక్కడ కింద ఉన్నవాళ్లకి మాట దొరికిందో ఆ ఎపిసోడ్ పైకి వెళ్తుంది, ఎక్కడ వాళ్లు వెనక నిలబడి జేజేలు కొట్టే గుంపుగా మిగిలారో అది కిందకి దిగుతుంది. హిస్టరీ లెక్చరర్ని కాబట్టి ఈ కొలత నాకు అలవాటు.

ఈ తరం పిల్లల కోసం కొంచెం వివరం చెప్పాలి. నెహ్రూ అహ్మద్‌నగర్ కోట జైల్లో 1944 ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా రాసిన డిస్కవరీ ఆఫ్ ఇండియా 1946లో పుస్తకంగా వచ్చింది. దాన్ని ఆధారం చేసుకుని తీసిందే భారత్ ఏక్ ఖోజ్, 1988 నవంబర్‌లో దూరదర్శన్‌లో మొదలై 1989లో కూడా నడిచింది. నెహ్రూగా రోషన్ సేఠ్, 1982లో వచ్చిన గాంధీ సినిమాలో కూడా నెహ్రూ ఆయనే. కథ చెప్పే గొంతు ఓం పురిది. స్క్రిప్టులో షమా జైదీ, అతుల్ తివారీ, మ్యూజిక్ వన్‌రాజ్ భాటియా, కెమెరా వి.కె. మూర్తి. మూర్తి గారంటే గురుదత్ కెమెరామన్, కాగజ్ కే ఫూల్‌లో ఆ వెలుగు రేఖ పట్టినాయన, ఫాల్కే అవార్డు అందుకున్న మొదటి కెమెరామన్. బెనెగల్ గురుదత్‌కి బంధువు కూడా. అలాంటి మనిషి కెమెరా పట్టిన టీవీ సీరియల్‌ని మనం పాతకాలం దూరదర్శన్ సరుకు అని పక్కన పడేస్తున్నాం అన్నమాట.

టైటిల్స్ గురించి ఒక్క మాట చెప్పకుండా ముందుకు పోలేను. ఋగ్వేదం పదో మండలంలోని నాసదీయ సూక్తం పెట్టారు టైటిల్ పాటగా, సృష్టికి ముందు సత్తూ లేదు అసత్తూ లేదు అంటూ మొదలయ్యేది, ఇదంతా ఎలా పుట్టిందో పైన ఉన్నవాడికైనా తెలుసో లేదో అని ముగిసేది. దేశ చరిత్ర చెప్పడానికి కూర్చుని మొట్టమొదటే ఒక ప్రశ్నతో మొదలుపెట్టడానికి ఎంత ధైర్యం కావాలి చెప్పండి. ఆ కోరస్ ఎత్తుకోగానే మా క్లాసులో వెనక బెంచీల వాళ్లు కూడా ఫోన్లు దించుతారు.

ఇక ర్యాంకుల్లోకి వస్తాను.

నా లెక్కలో ఫస్ట్ ప్లేస్ మహాభారతం. సీరియల్‌లో రెండు భాగాలుగా వచ్చింది, నేను రెండూ కలిపే తీసుకుంటున్నాను. ఆ రోజుల్ని గుర్తు చేసుకోండి ఒకసారి. 1988 అక్టోబర్‌లో బి.ఆర్. చోప్రా మహాభారతం మొదలైంది, 94 ఎపిసోడ్లు, ఆదివారం పొద్దున దేశమంతా టీవీల ముందే, తళతళలాడే కిరీటాలు, ఆకాశంలో బాణాలు ఎదురెదురుగా వచ్చి గుద్దుకోవడాలు. సరిగ్గా అదే టైంలో అదే దూరదర్శన్‌లో బెనెగల్ కూడా మహాభారతం చెప్పాలి. పోటీకి పోయి ఇంకా పెద్ద రథాలు, ఇంకా పెద్ద కిరీటాలు పెట్టి ఉంటే ఈపాటికి ఎవరికీ గుర్తుండేది కాదు. ఆయన ఏం చేశాడు? ఛత్తీస్‌గఢ్ నుంచి తీజన్ బాయిని తీసుకొచ్చాడు.

తీజన్ బాయి పండవాని కళాకారిణి, అంటే మహాభారతం కథల్ని పాడుతూ చెప్పే మనిషి. భిలాయ్ దగ్గర ఊరు, పార్ధీ అనే గిరిజన తెగ. పండవానిలో రెండు పద్ధతులున్నాయి, కూర్చుని పాడేది ఒకటి, నిలబడి నటిస్తూ పాడేది ఇంకొకటి, దాన్ని కాపాలిక శైలి అంటారు. ఆడవాళ్లు కూర్చునే పాడాలి అనే రోజుల్లో ఆవిడ లేచి నిలబడి పాడింది. చేతిలో తంబూరా, దానికి రంగురంగుల కుచ్చులు, వెనక హార్మోనియం, తబలా, వంత పాడే వాళ్లు. ఆ తంబూరా భుజానికి ఆనించుకుందంటే భీముడి గద, అడ్డంగా ముందుకు చాపిందంటే అర్జునుడి విల్లు, ఇంకాసేపటికి మామూలు తంబూరా అయిపోతుంది. ఒక్క మనిషే ద్రౌపది, ఆవిడే దుశ్శాసనుడు, మధ్యలో ఆగి జనం వైపు తిరిగి వ్యాఖ్యానం చెప్పేదీ ఆవిడే. గొంతు మగవాళ్ల గొంతుకంటే బరువుగా ఉంటుంది, నవ్వితే మళ్లీ ఊళ్లో పిన్ని నవ్వినట్టే ఉంటుంది. 2019లో పద్మవిభూషణ్ ఇచ్చారు ఆవిడకి, కానీ ఆవిడ విలువ బెనెగల్‌కి అప్పుడే తెలుసు.

ఎందుకు దీన్నే ఫస్ట్ అంటున్నానంటే, ఇది చూశాక మహాభారతం ఎవరిది అన్న సంగతి ఎవరూ లెక్చర్ ఇచ్చి చెప్పక్కర్లేదు. పుస్తకం చదవని మనుషులు తరతరాలుగా నోటితో మోసుకొచ్చిన కథ ఇది అని ఆ రెండు ఎపిసోడ్లూ చూపించేస్తాయి. నెహ్రూ తన పుస్తకంలో చదువురాని జనం కూడా ఈ కథల్ని తలలో పెట్టుకుని తిరుగుతారని పేజీలు రాశాడు, బెనెగల్ ఆ పేజీల్ని ఒక గిరిజన స్త్రీ ఒంటి మీద చూపించాడు. మా క్లాసులో ఇది వేసినప్పుడు బొబ్బిలి వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి లేచి, "మేడమ్, ఇది మా జముకుల కథలాగే ఉందండి, మా తాతగారి ఊళ్లో ఇలాగే ఒకాయన కథ ఎత్తుకుంటే ఇద్దరు వంత పాడతారు" అంది. నిజమే కదా, జముకుల కథ, తప్పెటగుళ్లు, బుర్రకథ, విజయనగరం హరికథ, ఇన్ని చూసిన ఉత్తరాంధ్ర వాళ్లకి తీజన్ బాయి పరాయిది ఎలా అవుతుంది? భిలాయ్ అంటే మా స్టీల్ ప్లాంట్ వాళ్లకి పక్కూరు లెక్క. ఆవిడ భాష అర్థం కాకపోయినా కథ ఎక్కడ ఉందో మా పిల్లలకి ప్రతి నిమిషం తెలుస్తూనే ఉంది.

సెకండ్ ప్లేస్ మొట్టమొదటి ఎపిసోడ్, భారత్ మాతా కీ జయ్. ఇందులో యుద్ధం లేదు, రాజు లేడు. పల్లెటూళ్లో జనం నెహ్రూని చూసి భారత్ మాతా కీ జయ్ అని అరుస్తారు, ఆయన ఆగి, ఎవరీ భారత మాత, ఎవరికి జయం కోరుకుంటున్నారు అని అడుగుతాడు. జనం ఒకళ్ల ముఖాలు ఒకళ్లు చూసుకుంటారు. చివరికి ఒక జాట్ రైతు, ఈ నేల అంటాడు. ఏ నేల, మీ ఊరి నేలా, మీ జిల్లాదా, మొత్తం దేశానిదా అని మళ్లీ అడుగుతాడు. కొండలు నదులు అడవులు పొలాలు అన్నీ సరే గానీ అన్నిటికంటే ముందు మీరే, మీలాంటి కోట్ల మంది మనుషులే భారత మాత అని అప్పుడు చెప్తాడు. పుస్తకంలో ఉన్నదే ఇది, కానీ టీవీలో చూస్తే వేరేగా ఉంటుంది ఎందుకంటే అక్కడ సమాధానం కోసం వెతుక్కునే ముఖాలు ఉంటాయి. నినాదం ఇస్తున్నవాణ్ణి ఆపి దాని అర్థం అడగడం, అడిగి వాడి చేతే ఆలోచింపజేయడం, ఒక టీచర్‌గా నాకు ఇంతకంటే మంచి పాఠం ఇంకోటి కనపడలేదండి. ఇప్పుడు ఈ ఎపిసోడ్ చూడమని నేను అందరికీ చెప్పడానికి కారణం కూడా అదే.

థర్డ్ ప్లేస్ దగ్గర మా ఇంట్లోనే గొడవ. మా మరిది పోర్టులో పనిచేస్తాడు, సినిమా పిచ్చోడు. "వదినా, శివాజీగా నసీరుద్దీన్ షా, ఔరంగజేబుగా ఓం పురి, మీరేంటి దాన్ని మూడో ప్లేస్‌లో పెడతారు, మనిషి అన్నవాడెవడైనా ఫస్ట్ పెడతాడు" అంటాడు. "నీకు యాక్టింగు కావాలి బాబూ, నాకు కథ ఎవరు చెప్తున్నారో కావాలి" అన్నాను. కానీ వాడి మాటలో న్యాయం ఉంది. ఔరంగజేబు రెండు భాగాలు, శివాజీ రెండు భాగాలు, ఈ నాలుగూ వెంటవెంటనే వస్తాయి, నాలుగూ కలిపి ఒక్కటిగా చూడాలి. నసీర్, ఓం పురి ఇద్దరూ ఢిల్లీ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో క్లాస్‌మేట్లు, పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో కూడా కలిసి చదువుకున్నారు. అలాంటి ఇద్దరు స్నేహితుల్ని తెచ్చి ఒకణ్ణి ఇటు ఒకణ్ణి అటు పెట్టాడు. ఇవాళ ఈ ఇద్దరి పేర్లు ఎత్తితే చాలు ఊళ్లలో కొట్లాటలయ్యే పరిస్థితి, కానీ ఆ ఎపిసోడ్లలో ఎవణ్ణీ రాక్షసుణ్ణి చేయలేదు ఎవణ్ణీ దేవుణ్ణి చేయలేదు. తండ్రిని ఆగ్రా కోటలో బంధించి, అన్న దారాని చంపించి గద్దె ఎక్కినవాడు ముసలితనంలో ఎంత ఒంటరివాడయ్యాడో ఓం పురి ముఖంలో కనిపిస్తుంది, అది జాలిపడమని అడగదు, క్షమించమని కూడా అడగదు. ఔరంగజేబు 1707లో చనిపోయింది అహ్మద్‌నగర్ దగ్గరే, రెండు వందల ఏళ్లు దాటాక నెహ్రూ జైల్లో కూర్చుని ఇదంతా రాసిందీ ఆ అహ్మద్‌నగర్‌లోనే, ఈ సంగతి తెలిసి చూస్తే ఓం పురి గొంతు ఇంకో రకంగా వినపడుతుంది.

నాలుగోది మహాత్మా ఫూలే. ఫూలేగా సదాశివ్ అమ్రాపుర్కర్. మన జనరేషన్‌కి ఆయన అంటే 1983 అర్ధ్ సత్యలో రామాశెట్టి, ఆ తర్వాత వరసగా విలన్లు. ఆ ముఖాన్ని చూసి భయపడ్డం అలవాటైన ప్రేక్షకుల ముందు ఆయన్నే ఫూలేగా నిలబెట్టాడు బెనెగల్. 1848లో పుణెలో ఆడపిల్లల కోసం స్కూలు, 1873లో సత్యశోధక్ సమాజ్, అదే ఏడాది గులాంగిరి పుస్తకం, దాన్ని అమెరికాలో బానిసత్వం పోగొట్టడానికి పోరాడినవాళ్లకి అంకితం ఇచ్చాడు ఆయన. స్కూలుకి నడిచి వెళ్తుంటే సావిత్రీబాయి మీద పేడ, బురద విసిరేవాళ్లు. ఇదంతా పాఠ్యపుస్తకంలో ఒక పేరా. దూరదర్శన్‌లో, అంటే ప్రభుత్వం వారి టీవీలో, 1989 ప్రాంతంలో, స్వాతంత్ర్య పోరాటం ఎపిసోడ్ల మధ్యలో ఫూలేకి పూర్తిగా ఒక ఎపిసోడ్ ఇవ్వడం చిన్న విషయం కాదు. ఇంకొకడైతే ఒక డైలాగుతో దాటేసేవాడు. దీన్ని రెండో ప్లేస్‌కి తేవాలా అని చాలా ఆలోచించాను, చివరికి మొదటి ఎపిసోడ్ లేకపోతే మిగతా సీరియల్ నిలబడదు కాబట్టి అలాగే ఉంచాను.

ఐదోది అశోకుడు, ఇక్కడ మాత్రం విశాఖ మనిషిగా నాకు స్వార్థం ఉంది, దాచుకోను. కళింగ అంటే ఒక్క ఒడిశానే అనుకుంటారు చాలామంది, మా ఉత్తరాంధ్ర కూడా ఆ కళింగలోదే. లక్ష మంది చచ్చిపోయారు, లక్షన్నర మందిని పట్టుకుపోయారు అని అశోకుడే తన పదమూడో శిలాశాసనంలో చెక్కించాడు. మా క్లాసులో నేను ఎప్పుడూ చెప్పే విషయం ఒకటుంది, ఆ పశ్చాత్తాపం ఉన్న శాసనం కళింగలో, అంటే ధౌలిలో గానీ జౌగడలో గానీ లేదు, వాటి బదులు వేరే శాసనాలు వేయించాడు. కర్నూలు వైపు ఎర్రగుడిలో మాత్రం ఉంది. దెబ్బ తిన్నవాళ్ల ఊళ్లో కాకుండా వేరేచోట్ల రాయించాడు. బెనెగల్ అశోకుడిలో కూడా ఓం పురే, పెద్ద యుద్ధం చూపిస్తారని ఎదురుచూసేవాళ్లకి నిరాశే, కానీ యుద్ధం అయ్యాక ఒక రాజు ముఖం ఎలా మారిపోతుందో చూడాలంటే ఇది చూడాలి. నాకున్న లోటు ఒక్కటే, అవతల కళింగ వైపు మనిషి గొంతు ఇంకా ఎక్కువ ఉండాల్సింది. ఆ గొంతు ఉంటే ఇది నేరుగా రెండో ప్లేస్. తొట్లకొండ ఎక్కి సముద్రం వైపు చూస్తూ నిలబడే మా పిల్లలకి, ఈ బౌద్ధ విహారం ఇక్కడికి ఎందుకొచ్చింది మేడమ్ అని అడిగే పిల్లలకి, ముందు ఈ రెండు భాగాలు చూపించండి అంటాను.

తర్వాత వరసలో నీలిమందు రైతుల తిరుగుబాటు, తమిళ కావ్యం శిలప్పదికారం. రెండూ మంచివే. రాణి అందె దొంగిలించాడని భర్తని చంపించిన రాజు ముందు కణ్ణగి తన అందె పగలగొడితే అందులోంచి మాణిక్యాలు చెల్లాచెదురుగా పడటం, రాణి అందెలో ఉన్నవి ముత్యాలు, రాజుకి తన తప్పు అక్కడికక్కడే అర్థమవడం, ఈ కథ ఎన్నిసార్లు విన్నా గుండె ఝల్లుమంటుంది. ఎక్కువ చెప్పను, చూడండి.

కిందకి దింపినవి కూడా చెప్పాలి కదా, లేకపోతే అది ర్యాంకింగ్ ఎందుకవుతుంది. నాకు బాగా తక్కువ నచ్చినవి ఆఖరి ఎపిసోడ్లు, స్వాతంత్ర్య పోరాటం చివరి అంకానివి. అక్కడికొచ్చేసరికి చెప్పాల్సింది ఎక్కువైపోయి నాయకుల మాటలే మిగిలాయి, మీటింగుల మీద మీటింగులు, జనం బ్యాక్‌గ్రౌండ్ అయిపోయారు. మొదటి ఎపిసోడ్‌లో నెహ్రూ అడిగితే జవాబు వెతుక్కున్న ఆ రైతు ఏమైపోయాడు అనిపిస్తుంది. ఇంకా, తెలుగుదాన్ని కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను, విజయనగర సామ్రాజ్యం ఎపిసోడ్లు నాకు సరిపోలేదు. చోళులకి రెండు, శిలప్పదికారానికి రెండు ఇచ్చినాయన శాతవాహనులకి గానీ కాకతీయులకి గానీ పేరు పెట్టి ఒక్క ఎపిసోడ్ ఇవ్వలేదు. కృష్ణదేవరాయలు కళింగ దండయాత్రలో 1516లో మా సింహాచలం వచ్చి స్వామికి నగలు సమర్పించాడు, గుడిలో శాసనం ఇప్పటికీ ఉంది, భీమిలి దగ్గర పొట్నూరులో జయస్తంభం వేయించాడు. తెలుగులో ఆముక్తమాల్యద రాసిన రాజు, దేశభాషలందు తెలుగు లెస్స అన్నవాడు, ఆయన మీద పూర్తిగా ఒక తెలుగు కన్ను పడి ఉంటే ఎంత బాగుండేది. 53 ఎపిసోడ్లలో ఐదు వేల ఏళ్లు చెప్పాలి, అందరికీ న్యాయం చేయడం ఎవరి తరమూ కాదు, అది నాకు తెలుసు. అయినా హైదరాబాద్ మనిషి దగ్గర ఆ మాత్రం ఆశించడం తప్పు కాదనే అనుకుంటున్నాను.

ఆ లోటు ఆయనకీ తెలుసేమో, తర్వాత తీర్చాడు. సత్యం శంకరమంచి గారి అమరావతి కథలు మనందరికీ తెలుసు, ఆంధ్రజ్యోతి వీక్లీలో బాపు బొమ్మలతో వచ్చిన నూరు కథలు, 1979లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ అవార్డు. వాటిని తొంభైల్లో బెనెగల్ అమరావతీ కీ కథాయేఁ పేరుతో దూరదర్శన్ కోసం తీశాడు. కృష్ణ ఒడ్డున ఒక చిన్న ఊరు, గుడి, రేవు, వరద, పూజారి, పడవ వాడు, తిండిపోతు, దొంగ, ముసలమ్మ, అంతే సరుకు. నేను పైన చెప్పిన కొలత పెట్టి చూస్తే ఈ సీరియల్ మొత్తం పాస్, ఎందుకంటే ఇందులో మాట్లాడేదంతా ఆ ఊరి మనుషులే. కానీ ఎపిసోడ్ల వారీగా ర్యాంకు వేయబుద్ధి కాలేదు నాకు. అమరావతి అంటే ఇప్పుడు అందరూ రాజధాని, ప్లాట్లు, రేట్లు అంటున్నారు, ఆ ఊరి మనుషుల అమరావతిని మా పిల్లలు తెలుగులో వింటూ చూడాలని నా కోరిక. తెలుగువాడు తెలుగులో రాసిన కథ, తెలుగు నేల మీద పుట్టిన డైరెక్టర్, మరి దానికి శుభ్రమైన ప్రింటూ మంచి తెలుగు డబ్బింగూ ఉండొద్దా అండీ?

ఇంకో రెండు చెప్పి ఆపుతాను. ఒకటి యాత్ర, 1986. అప్పట్లో కన్యాకుమారి నుంచి జమ్మూ వెళ్లిన హిమ్‌సాగర్ ఎక్స్‌ప్రెస్‌లో ఒక సైనికుడి ప్రయాణం, ఆ సైనికుడు కూడా ఓం పురే. కథ ఎక్కువగా రైలు పెట్టెలోనే, ఎక్కేవాళ్లు దిగేవాళ్లు, పక్క సీటు వాళ్ల గోల, సీరియల్ అంతా చూశాక మనం కూడా బెర్త్ మీద నడుం వాల్చి లేచినట్టే ఉంటుంది. రెండోది సంవిధాన్, 2014లో రాజ్యసభ టీవీలో పది ఎపిసోడ్లు. అంబేడ్కర్‌గా సచిన్ ఖేడేకర్, మన పిల్లలకి ఆయన జనతా గ్యారేజ్‌లో, అల వైకుంఠపురములో సినిమాలో తెలుసు. రాజ్యాంగ సభ 2 సంవత్సరాల 11 నెలల 18 రోజులు కూర్చుని వాదించుకుంది, ఆ వాదనల్నే డ్రామా చేశాడు ఎనభైకి దగ్గరపడ్డ వయసులో. మనుషులు బల్లల ముందు కూర్చుని మాట్లాడుకోవడం తప్ప ఏమీ జరగదు, అయినా మా సెకండ్ ఇయర్ పిల్లలు సివిక్స్ పరీక్షకి ముందు గైడ్ పుస్తకం పక్కన పెట్టి ఇది చూస్తున్నారు. దుర్గాబాయమ్మ, ప్రకాశం పంతులు, పట్టాభి, రంగా లాంటి మనవాళ్లు కూర్చున్న సభ అది అని నేను గుర్తు చేస్తుంటాను.

స్లోగా ఉంటుంది, బొమ్మ సరిగ్గా ఉండదు, సెట్లు నాటకం సెట్లలా ఉంటాయి అని అనేవాళ్లున్నారు. స్లోగా ఉంటుందన్నది నిజం. సెట్లు నాటకంలా ఉన్నాయన్నదీ నిజమే, చాలా ఎపిసోడ్లు నాటకాల్లోంచి, కావ్యాల్లోంచి తీసుకుని నాటకంలాగే తీశాడు మరి. గోడ అట్టదని తెలిసిపోయినా దాని ముందు మాట్లాడుతున్న మనిషి నిజమని నమ్మిస్తే చాలదా? చిన్నప్పుడు సురభి నాటకాలు చూసినవాళ్లకి ఈ ఇబ్బంది ఉండదు. బొమ్మ నాణ్యత మాత్రం నేనూ ఒప్పుకుంటాను, ఉన్నది యూట్యూబ్‌లో ప్రసార భారతి వాళ్లు పెట్టినది, వాళ్లు ఉచితంగా పెట్టినందుకు దండం పెడతాను, కానీ దేశం మొత్తానికి చెందిన పని కాబట్టి దాన్ని బాగుచేసి, అన్ని భాషల్లో సబ్‌టైటిల్స్ వేసి మళ్లీ ఇవ్వాల్సిన బాధ్యత కూడా వాళ్ల మీదే ఉంది. తెలుగు సబ్‌టైటిల్స్ రాసిపెట్టడానికి మా కాలేజీల్లో హిందీ లెక్చరర్లు, తెలుగు లెక్చరర్లు చాలామంది సిద్ధంగా ఉన్నారు, అడిగేవాళ్లు లేక ఊరుకున్నారు.

మీ పేపర్‌ని అడిగేది రెండే. ఒకటి, ఇలాంటి లిస్టు ఈసారి వేసేటప్పుడు మన భాషల్లో, మన దేశంలో టీవీ కోసం తీసినవాటికి విడిగా ఒక పేజీ ఇవ్వండి, పాఠకుల్నే రాయమనండి, నా ఆర్డర్ తప్పని మా మరిది లాంటివాళ్లు బోలెడుమంది రాస్తారు, వాటినీ వేయండి. రెండు, విశాఖలో సినిమా మీద ప్రేమ ఉన్న సంఘాలు చాలా ఉన్నాయి, మీరు ఒక్క మాట రాస్తే ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీలోనో సిరిపురం కళాక్షేత్రంలోనో నెలకి ఒక ఆదివారం ఒక ఎపిసోడ్ వేసి, తర్వాత ఒక గంట మాట్లాడుకునే ఏర్పాటు చేయడం కష్టమేం కాదు. ప్రొజెక్టర్, స్పీకర్లు మా స్టాఫ్ తెస్తాం. మొదట ఫూలే వేయండి, అది ఒక్కటే విడిగా చూసినా పూర్తిగా అర్థమవుతుంది, మహాభారతం రెండో నెలలో వేద్దాం, అప్పటికి బొబ్బిలి నుంచో శ్రీకాకుళం నుంచో ఒక జముకుల కథ బృందాన్ని కూడా పిలవొచ్చు.

ఇట్లు,
మీ పాఠకురాలు, హిస్టరీ లెక్చరర్,
ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం